రెండు భాషల నడుమ సరుకు బదిలీ

ఢిల్లీ నగరానికి దక్షిణాన, ఐఐటి ప్రహరీని ఆనుకొని జియా సరాయ్ అనే ఊరు ఉన్నది. ఊరు అన్నది ఇప్పుడు పేరుకే. మనిషికి మనిషి తగిలే ఇరుకు సందులు, ఇరువైపులా అంతస్తు మీద అంతస్తు లేచిన మేడలు, వాటి నిండా అద్దె గదులు, కింది భాగంలో ఫొటోస్టాట్ దుకాణాలు, పాత ప్రశ్నపత్రాలను కట్టలుగా కట్టి అమ్మే పుస్తకాల అంగళ్ళు. సరాయ్ అంటే పూర్వకాలంలో బాటసారులు, వర్తకుల బిడారులు రాత్రికి బస చేసే సత్రము. బేర్ సరాయ్, కాలూ సరాయ్, కట్వారియా సరాయ్, యూసఫ్ సరాయ్ – ఆ ప్రాంతమంతా ఇటువంటి పేర్లే. పక్కన ఉన్న విద్యాసంస్థ 1961లో ఇంజనీరింగు కళాశాలగా మొదలై 1963లో ఐఐటి అయినది. కాలక్రమాన ఈ సత్రంలో దిగే బాటసారులు కూడా మారిపోయారు. ఇప్పుడు ఇక్కడ బస చేసేది గేటు, నెట్ వంటి పరీక్షలకు చదువుకొనే యువతీయువకులు. హైదరాబాదులో అమీర్‌పేట చూచిన వారికి ఈ వాతావరణం కొత్తగా తోచదు. చలి ఒక్కటే కొత్త.

ఈ పత్రిక పాఠకులకు జియా సరాయ్ పేరు పరిచయమే. 2010వ దశకం మొదలుకొని అనేక ప్రభుత్వ రంగ సంస్థలు గేటు పరీక్షలో వచ్చిన మార్కులను ఆధారం చేసుకొని యువ ఇంజనీర్లను ఎంపిక చేయసాగాయి. దానితో ఉద్యోగుల ఇళ్ళలో గేటు పరీక్ష భోజనాల వేళ మాట అయినది. సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డ కాగితం మీద చిన్న చిన్న గడులు గీసి, ఒక్కొక్క గడికి 0, 4, 8, 16 అని అంకెలు వేసి, మొత్తం 24 అని తేల్చుకొని సంతోషించడం చూచి, ఇదేమి లెక్క అని ఆశ్చర్యపడిన తల్లిదండ్రులు ఉండవచ్చును. ఆ గడులు ఎందుకో, వాటిలో తప్పు జరిగితే ఏమి నష్టమో వివరించడమే మా ఉద్దేశము.

గేటు కంప్యూటర్ సైన్సు పత్రంలో ప్రోగ్రామింగు కొరకు నిర్దేశించిన భాష 'సి'. 2024లో కొత్తగా చేర్చిన డేటా సైన్సు, కృత్రిమ మేధ పత్రంలో నిర్దేశించినది 'పైథాన్'. రెండు పత్రాలూ కలిపి రాయడానికి అనుమతి ఉన్నది గనుక ఒకే గదిలో, ఒకే బల్ల మీద ఈ రెండు భాషల పుస్తకాలూ పక్కపక్కన కనిపిస్తాయి. పరీక్షలో ఇవి వేరువేరు. ఉద్యోగంలో చేరిన తరువాత అట్లా ఉండదు. పైథాన్‌లో రాసిన ప్రోగ్రాము ప్రతి నిమిషమూ సి భాషలో సిద్ధం చేసిన లైబ్రరీని పిలుస్తూనే ఉంటుంది. లైబ్రరీ అనగా మన టౌన్‌షిప్ రీడింగ్ రూము వంటిది కాదు. ఎవరో ముందే రాసి, పరీక్షించి, యంత్రభాషలోకి మార్చి ఉంచిన ప్రమేయాల కట్ట. ఈ రెండింటి నడుమ సరుకు చేతులు మారే చోట ఏమి జరుగుతుందన్నది ఏ ప్రశ్నపత్రమూ గట్టిగా అడగదు. మా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉన్నది.

అసలు రెండు భాషలు ఎందుకు? బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ 1970వ దశకం తొలినాళ్ళలో రూపొందించిన సి భాష యంత్రానికి అతి సమీపంగా మెలగుతుంది. ఏ సంఖ్య మెమరీలో ఎక్కడ ఉన్నదో, ఎన్ని బైట్లు ఆక్రమించినదో ప్రోగ్రామరుకు తెలుసు. అందుచేత వేగము ఎక్కువ, శ్రమ కూడా ఎక్కువే. గిడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ ఇందుకు భిన్నము. సంఖ్య ఎక్కడ ఉంచాలి, ఎప్పుడు తీసివేయాలి అన్న చింత మనకు లేకుండా ఆ భాషే చూచుకుంటుంది. రాయడం సులువు, నడక నెమ్మది. కనుక పెత్తనము పైథాన్‌కు, బరువు పని సి లైబ్రరీకి అప్పగించడం ఆచారమైపోయినది. మన వంటి సంస్థలలో దీనికి మరొక కారణం కూడా ఉన్నది. కట్టడాల బలాన్ని, విద్యుత్ ప్రవాహాన్ని, ఉష్ణ ప్రసారాన్ని లెక్కకట్టే ప్రోగ్రాములు దశాబ్దాల తరబడి ఫోర్‌ట్రాన్‌లోను, సి లోను రాయబడి, ఎందరో ఇంజనీర్ల చేతులలో నలిగి, నమ్మకం సంపాదించుకున్నవి. వాటిని పక్కన పడవేసి మళ్ళీ మొదటినుండి రాయడం వివేకము కాదు. వాటిని అట్లాగే ఉంచి, పైన కొత్త భాషతో ముఖద్వారం కట్టడమే అందరూ అనుసరించే మార్గము.

ఇక సరుకు సంగతి. ఒక్క సంఖ్యను అందించడం పెద్ద సమస్య కాదు. కొన్ని విలువలు కలిసి ఒక కట్టగా వెళ్ళవలసినపుడే కష్టము. స్టోర్సులో పనిచేసిన వారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఒక వస్తువుకు సంబంధించిన బిన్ కార్డులో నాలుగు గడులు ఉన్నాయనుకొందాము: వస్తువు తరగతి ఒక అక్షరము, పరిమాణం ఒక పూర్ణాంకము, కొలమానాన్ని సూచించే ఒక అక్షరము, ధర ఒక దశాంశ సంఖ్య. సి భాషలో ఇటువంటి కట్టను స్ట్రక్చరు అంటారు. అక్షరానికి 1 బైటు, పూర్ణాంకానికి 4, మళ్ళీ అక్షరానికి 1, 'డబుల్' అనే దశాంశ సంఖ్యకు 8. కూడితే 14. కాని నేటి 64 బిట్ల యంత్రంపై ఆ స్ట్రక్చరు 24 బైట్లు తీసుకుంటుంది.

మిగిలిన 10 బైట్లు ఎక్కడివి? 4 బైట్ల సంఖ్య 4తో భాగింపబడే స్థానంలోను, 8 బైట్ల సంఖ్య 8తో భాగింపబడే స్థానంలోను మొదలైతే యంత్రానికి చదవడం సులువు. అందువల్ల కంపైలరు మనకు చెప్పకుండానే నడుమ ఖాళీలు వదులుతుంది. తరగతి 0వ స్థానంలో, పరిమాణం 4లో, కొలమానం 8లో, ధర 16లో ఉంటాయి. 1 నుండి 3 వరకు, 9 నుండి 15 వరకు ఉన్నవి ఖాళీ గడులు. ఆ బిడ్డ కాగితం మీద గీసిన గడులు ఇవే. ఇదే స్ట్రక్చరు 32 బిట్ల లినక్సుపై 20 బైట్లే అవుతుంది. అక్కడ స్ట్రక్చరులోని డబుల్‌కు 4తో భాగింపబడే స్థానం చాలును. అంటే ఒకే కార్డు, ముద్రించిన ప్రెస్సును బట్టి గడుల చోటు మారిపోతున్నదన్న మాట.

కార్డుకు, స్ట్రక్చరుకు ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. కార్డు మీద ప్రతి గడి పక్కన దాని పేరు అచ్చు వేసి ఉంటుంది. గడి జరిగినా గుమాస్తా పేరు చూచి సరిచేసుకుంటాడు. మెమరీలో పేర్లు ఉండవు. కంపైలరు పని పూర్తికాగానే పరిమాణం, ధర అన్న మాటలు చెరిగిపోయి, మొదటి నుండి 4వ బైటు, 16వ బైటు అన్న దూరాలు మాత్రమే మిగులుతాయి. లైబ్రరీ కళ్ళు మూసుకొని ఆ దూరం కొలిచి అక్కడున్నది తీసుకుంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాము. పరిమాణం 250, కొలమానం ఇంగ్లీషు అక్షరం 'కె', ధర 12.5 అనుకొందాము. పైథాన్‌లో విలువలను బైట్లుగా పేర్చే 'స్ట్రక్ట్' అనే సాధనం ఉన్నది. యంత్రం అలవాటు ప్రకారం పేర్చమంటే అది నడుమ ఖాళీలు విడిచి 24 బైట్లు ఇస్తుంది. చిన్న కొస ముందు అన్న గుర్తు పెట్టి పేర్చమంటే మాత్రం ఖాళీలు లేకుండా బిగించి 14 బైట్లు ఇస్తుంది. రెండవ కట్టను ఆ లైబ్రరీకి అందించామనుకొందాము. బిగించిన కట్టలో పరిమాణం 1 నుండి 4 వరకు ఉన్న బైట్లలో, కొలమానం 5వ బైటులో, ధర 6 నుండి ఉన్నాయి. లైబ్రరీ తన అలవాటు కొద్దీ 4 నుండి 7 వరకు చదువుతుంది. 4వ బైటు పరిమాణపు చివరి తునక, సున్న. 5వది 'కె' అక్షరపు సంకేతము, 75. 6, 7 ధరలోని తొలి బైట్లు, రెండూ సున్నలే. వీటిని కలిపి పూర్ణాంకంగా చదివితే 75ను 256తో గుణించినంత, అనగా 19,200 వస్తుంది. 250 సంచులు 19,200 సంచులయినవి. ధర కొరకు 16వ బైటు నుండి చదువబోతే మనమిచ్చిన కట్ట 14తోనే అయిపోయినది. అక్కడ ఉన్నది మరెవరిదో సరుకు.

గంట మ్రోగదు. ఎర్ర అక్షరాలు రావు. 19,200 చక్కని పూర్ణాంకము. దానిని తీసుకొని లైబ్రరీ తన లెక్క తాను నిర్దోషంగా పూర్తిచేస్తుంది. ప్రోగ్రాము పగిలి ఆగిపోతే అది అదృష్టమనే మేమంటాము. ఆగకుండా అందమైన పట్టిక అచ్చు వేసి ఇచ్చినప్పుడే భయపడాలి.

బైట్ల వరుస క్రమంలో కూడా ఒక పాత వివాదం ఉన్నది. ఒక సంఖ్యలోని చిన్న బైటును ముందు పెట్టే యంత్రాలు కొన్ని, పెద్ద బైటును ముందు పెట్టేవి కొన్ని. 1980లో డానీ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు, గలివర్ యాత్రలలో గ్రుడ్డును ఏ కొస పగులగొట్టాలని యుద్ధం చేసుకొనే వారిని తలచుకొని, ఈ రెండు పక్షాలకు చిన్న కొస వారు, పెద్ద కొస వారు అని పేర్లు పెట్టాడు. వ్యాక్స్ యంత్రాలు మొదటి పక్షము, ఐబిఎం మెయిన్‌ఫ్రేములు రెండవ పక్షము. ఒక పక్షం వారు రాసిన 1 అనే సంఖ్యను రెండవ పక్షం వారు 1,67,77,216 అని చదువుతారు. నేడు మన బల్లలపై ఉన్న యంత్రాలు దాదాపు అన్నీ చిన్న కొస వారివే గనుక ఒకే యంత్రం లోపల ఈ తగాదా రాదు. పాత టేపుల నుండి, ఇతర పరికరాల నుండి దత్తాంశం తెచ్చుకొన్నప్పుడు మాత్రం జ్ఞాపకం ఉంచుకోవలసినదే.

సరుకు ఎట్లా పేర్చారన్నది అయినది. దానిని ఎట్లా చేరవేయాలన్నది మరొక ప్రశ్న. గుంతకల్లు జంక్షనులో ఒకప్పుడు మీటరు గేజి, బ్రాడ్ గేజి రెండూ ఉండేవి. ఒక గేజి బండిలో వచ్చిన సరుకు రెండవ గేజిపై సాగిపోవాలంటే దించి మళ్ళీ ఎక్కించవలసినదే. ఒక బస్తా అయితే నిమిషం పని; రేకు మొత్తమైతే రోజులు పట్టును. రెండు భాషల నడుమ దత్తాంశాన్ని నకలు తీసి అందించడం ఈ పద్ధతే. పైథాన్‌లో పది లక్షల దశాంశ సంఖ్యల జాబితా ఉంటే అవి ఒక వరుసలో ఉండవు. ప్రతి సంఖ్యా ఒక విడి వస్తువు. మామూలు 64 బిట్ల పైథాన్‌లో ఒక్కొక్కటి 24 బైట్ల పెట్టె. జాబితాలో ఉన్నవి ఆ పెట్టెల చిరునామాలు మాత్రమే. సి లైబ్రరీకి కావలసినది ఒకదాని పక్కన ఒకటి ఆనుకొని ఉన్న 80 లక్షల బైట్లు. కాబట్టి ప్రతి పెట్టె తెరచి, సంఖ్య తీసి, వరుసగా పేర్చక తప్పదు. పని ముగిసిన తరువాత తిరుగు ప్రయాణం కూడా అట్లాగే.

రెండవ పద్ధతి సరుకును కదపకుండా గోడౌను చిరునామా ఇవ్వడము. సి భాషలో దీనిని పాయింటరు అంటారు. 2006లో ట్రావిస్ ఒలిఫాంట్ కృషితో వచ్చిన 'నంపై' అనే సాధనం పైథాన్ లోపలనే సంఖ్యలను సి వారికి నచ్చినట్లు వరుసగా పేర్చి ఉంచుతుంది. లైబ్రరీకి 8 బైట్ల చిరునామా ఒక్కటి ఇస్తే చాలును. పది లక్షల సంఖ్యలు ఉన్నచోటనే ఉంటాయి. శాస్త్ర గణనలో పైథాన్‌కు నేడున్న ప్రతిష్ఠకు ఇది ప్రధాన కారణమని చెప్పవచ్చును.

అయితే చిరునామాలో గోడౌను ఎంత పెద్దదో రాసి ఉండదు. లోపల అరలు అడ్డంగా పేర్చారా, నిలువుగా పేర్చారా అన్నదీ ఉండదు. సి భాష పట్టికను అడ్డు వరుసల ప్రకారము, ఫోర్‌ట్రాన్ నిలువు వరుసల ప్రకారము దాచుకుంటాయి. మొదటి వరుస 1, 2, 3. రెండవ వరుస 4, 5, 6 ఉన్న పట్టికను సి పద్ధతిలో పేర్చి ఫోర్‌ట్రాన్‌కు ఇస్తే, అది మొదటి వరుస 1, 3, 5 అనియు, రెండవ వరుస 2, 4, 6 అనియు చదువుకుంటుంది. పట్టిక చతురస్రమైతే అడ్డం నిలువుగా, నిలువు అడ్డంగా మారుతుంది. ఇక్కడ ఒక మోసం పొంచి ఉన్నది. కట్టడాల లెక్కలలో వచ్చే దృఢత్వ మాత్రికలు సాధారణంగా సౌష్ఠవమైనవి; అడ్డం నిలువు మార్చినా అవే. కాబట్టి తప్పు జరిగినా జవాబు సరిగానే వస్తుంది. ఆ ప్రోగ్రాము ఏళ్ళ తరబడి మంచి పేరు తెచ్చుకుంటుంది. ఒకనాడు ఎవరో విద్యుత్ ప్రవాహపు లెక్కకు దానినే వాడుకుంటారు. అక్కడి జాకోబియన్ మాత్రిక సౌష్ఠవం కాదు. అప్పుడు గాని బండారం బయటపడదు. చాలాకాలంగా సరిగా నడుస్తున్నది కదా అన్న వాదన విన్నప్పుడల్లా మాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది.

పాత తరం వారికి ఇటువంటి తంటాలు కొత్త కావు. ఫోర్‌ట్రాన్ ప్రతి విలువకూ చిరునామానే పంపుతుంది. సి మామూలుగా విలువనే పంపుతుంది. వ్యాక్స్ యంత్రాలపై పనిచేసిన వారు శాతం గుర్తు పెట్టి 'వాల్' అనియు, 'రెఫ్' అనియు రాసి ఈ తేడాను సర్దుకొన్న రోజులను మరచిపోయి ఉండరు. ఫోర్‌ట్రాన్ నుండి సి తో మాట్లాడడానికి అందరికీ ఒకే నియమావళి 2003 ప్రమాణంలో గాని రాలేదు.

పైథాన్ వైపు ఆ నియమావళిని మనమే రాసి ఇవ్వాలి. థామస్ హెలర్ రూపొందించగా 2006లో పైథాన్ 2.5తో పాటు చేరిన 'సి-టైప్స్' ఇందుకు ఎక్కువగా వాడుకలో ఉన్నది. స్ట్రక్చరులో ఏ గడి తరువాత ఏ గడి, ఏ ప్రమేయానికి ఏ రకపు విలువలు ఇవ్వాలి, అది తిరిగి ఏమి ఇస్తుంది అన్నవి దానికి చెప్పాలి. చెప్పకపోతే అది ఊరుకోదు, ఊహించుకుంటుంది. తిరిగి వచ్చేది పూర్ణాంకమే అనుకొంటుంది. వర్గమూలం కట్టే ప్రమేయానికి 9 ఇచ్చి, జవాబు దశాంశ సంఖ్య అని చెప్పడం మరచితే 3 రాదు, పొంతన లేని సంఖ్య ఏదో వస్తుంది. లైబ్రరీ 64 బిట్ల చిరునామా ఇస్తే దానిని 32 బిట్లకు కత్తిరించి మన చేతిలో పెడుతుంది. సగం చిరునామాతో ఉత్తరం ఏ ఇంటికి చేరునో చెప్పనక్కరలేదు.

అన్నింటికంటె జటిలమైనది యాజమాన్యపు ప్రశ్న. టౌన్‌షిప్‌లో నివసించే వారికి దీనిని క్వార్టరు ఉదాహరణతో చెబుదాము. ఉద్యోగి బదిలీపై వెళ్ళాడు, క్వార్టరు ఖాళీ చేసినట్లు ఎస్టేట్ ఆఫీసులో నమోదు అయినది, మరొకరికి కేటాయించారు. కాని పాత ఉద్యోగి మిత్రుడొకడు ఈ విషయం తెలియక నకలు తాళంచెవితో తలుపు తీసి లోపల బల్లలు, కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. పైథాన్‌లో ఒక వస్తువును వాడుతున్న వారు ఎవరూ లేరని లెక్క తేలగానే ఆ చోటు ఖాళీ చేసి మరొకదానికి ఇచ్చివేస్తుంది. సి లైబ్రరీ తన దగ్గర దాచుకొన్న చిరునామా ఆ లెక్కలోకి రాదు. లైబ్రరీ తరువాత పిలవడానికి మనం పైథాన్ ప్రమేయం ఒకటి ఇచ్చి, మన వైపు దాని పేరును వదిలివేశామనుకొందాము. కొంతసేపటికి లైబ్రరీ ఆ చిరునామాకు పోయి తలుపు తట్టేసరికి అక్కడ ఉండేది వేరొకరు. ఇటువంటి తప్పు ప్రతిసారీ కనబడదు. క్వార్టరు కొన్నాళ్ళు ఖాళీగా ఉంటే అంతా బాగానే ఉన్నట్లు తోచును. పరీక్షించిన రోజున నడిచి, వాడిన రోజున కూలడం దీని స్వభావము.

తిరుగు దిశలోనూ ఇదే. సి లైబ్రరీ తాను 'మాలాక్' ద్వారా చోటు సంపాదించి, ఫలితాన్ని అందులో ఉంచి, చిరునామా మనకు ఇస్తుంది. ఆ చోటును పైథాన్ ఖాళీ చేయదు. తనది కాదు గనుక. ఎవరూ చేయకపోతే మెమరీ క్రమంగా నిండిపోతుంది. ఇద్దరూ చేస్తే అంతకంటె ప్రమాదము. మంచి లైబ్రరీలు దీనికి ఒక మర్యాద పాటిస్తాయి. సృష్టించే ప్రమేయం, తీసివేసే ప్రమేయం రెండూ తామే ఇస్తాయి. నడుమ మన చేతికి వచ్చేది రైల్వే క్లోక్ రూములో ఇచ్చే టోకెను వంటిది. టోకెను మీద సంఖ్యకు అర్థం వారికే తెలుసు. పెట్టెలో ఏమున్నదో మనం చూడబోము, వారు చెప్పబోరు. సి భాషలో ఫైలును తెరిచే, మూసే ప్రమేయాలు మొదటినుండి ఇట్లా పనిచేసేవే. స్ట్రక్చరు లోపలి గడుల గొడవ లేకుండా చేయడానికి ఇంతకంటె మేలైన ఉపాయం లేదని మా అభిప్రాయము. లోపలి అమరిక రేపు మారినా టోకెను మారదు.

తెలుగు వారికి ప్రత్యేకంగా తగిలే చిక్కు ఒకటి ఉన్నది. సి భాషలో పదం అంటే బైట్ల వరుస, చివర ఒక సున్న. ఇంగ్లీషులో అక్షరానికి ఒక బైటు గనుక ఇబ్బంది లేదు. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఇస్కీ పద్ధతిలో తెలుగు అక్షరాలకు, గుణింతపు గుర్తులకు కూడా ఒక్కొక్క బైటే. ఇప్పుడు అంతటా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకు 3 బైట్లు. 'తెలుగు' అన్న మాటను మనం మూడు అక్షరాలు అంటాము. పైథాన్‌ను అడిగితే హల్లులు, అచ్చుల గుర్తులు విడివిడిగా లెక్కించి 6 అంటుంది. సి ని అడిగితే 18 అంటుంది. మూడు జవాబులూ సరియైనవే. ఒక ఉద్యోగి చిరునామాకు లైబ్రరీ 20 బైట్ల గడి కేటాయించినదనుకొందాము. ఇంగ్లీషులో జియా సరాయ్ అని రాస్తే 9 బైట్లు, హాయిగా ఇమిడిపోతుంది. తెలుగులో రాస్తే తొమ్మిది గుర్తులకు 27, నడుమ ఖాళీకి 1, మొత్తం 28 బైట్లు. చివరి సున్నకు ఒకటి పోగా గడిలో మిగిలేవి 19. అందులో పట్టేది 'జియా సర' మాత్రమే. ఆ తునక వరకు కత్తిరించి ఊరుకుంటే నయము. జాగ్రత్త లేని లైబ్రరీ అయితే మిగిలిన బైట్లను పక్క గడిలోకి రాసివేస్తుంది. పక్క గడి జీతమో, పుట్టినతేదీయో కావచ్చును. పైథాన్ వైపు పదాన్ని ముందుగా బైట్లుగా మార్చి, అక్షరాలను కాక బైట్లను లెక్కపెట్టుకొని పంపడమొక్కటే మార్గము.

ఇవి గదిలో కూర్చొన్న వారి సూక్ష్మ చర్చలని ఎవరైనా అనుకొంటే, రెండు సంఘటనలు గుర్తు చేయవలసి ఉన్నది. ఇవి సి లైబ్రరీ కథలు కావు గాని చేతులు మారే చోట జరిగిన తప్పులే. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియన్-5 రాకెట్టు తొలి ప్రయాణంలోనే సుమారు 40 సెకన్లకు ధ్వంసమైనది. ఏరియన్-4 కొరకు రాసిన ప్రోగ్రామును తెచ్చి పెట్టగా, 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకపు గడిలో ఇమడ్చబోయినారు. ఆ గడిలో పట్టే గరిష్ఠ సంఖ్య 32,767. పాత రాకెట్టు వేగానికి అది చాలినది. కొత్త దానికి చాలలేదు. రెండవది 1999 సెప్టెంబరు 23న అమెరికా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుని చేరి కనుమరుగైనది. భూమిపై ఉన్న ఒక ప్రోగ్రాము పౌండు-సెకన్లలో ఇచ్చిన విలువలను మరొక ప్రోగ్రాము న్యూటన్-సెకన్లుగా స్వీకరించినది. తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. ఇక్కడ బైట్లన్నీ సరిగానే ఉన్నాయి, గడులు సరిగానే ఉన్నాయి. అర్థం ఒక్కటే వేరు.

అనుభవజ్ఞులు పాటించే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. 64 బిట్ల లినక్సుపై 'లాంగ్' అనే పూర్ణాంకం 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌పై 4 బైట్లే. కనుక హద్దు దాటే స్ట్రక్చరులో అటువంటి పేరు వాడక, 1999 సి ప్రమాణం తెచ్చిన స్థిర కొలత పూర్ణాంకాలనే వాడతారు. స్ట్రక్చరు పరిమాణం ఎంతో లైబ్రరీ చేతనే చెప్పించి, పైథాన్ వైపు లెక్కతో సరిపోకపోతే పని మొదలుపెట్టకుండా ఆపివేస్తారు. విండోస్ వారు అనేక స్ట్రక్చరులలో మొదటి గడిగా ఆ స్ట్రక్చరు పరిమాణాన్నే ఉంచడం ఇందుకే. అవతలి వారు పాత అమరికతో వచ్చారో కొత్త అమరికతో వచ్చారో ఆ అంకె చూచి తెలుసుకొనవచ్చును. మాకు నచ్చిన జాగ్రత్త అన్నింటికంటె చవకైనది: ప్రతి గడిలోను వేరువేరు విలువ, అందులోను గుర్తుపట్టగలిగినది ఉంచి, అవతల అదే గడిలో అదే విలువ వచ్చినదా అని అచ్చు వేసి చూచుకోవడము. అన్ని గడులలోను సున్నలు నింపి పరీక్షించేవారు ఉన్నారు. సున్న ఎక్కడినుండి చదివినా సున్నే గదా.

ఇంట్లో కంప్యూటరు ఉన్న పాఠకుల పిల్లలు ఒక చిన్న ప్రయత్నం చేయవచ్చును. పైన చెప్పిన నాలుగు గడుల స్ట్రక్చరును సి లో రాసి 'సైజాఫ్' అడిగితే 24 వస్తుంది. గడులు అవే ఉంచి వరుస మాత్రం మార్చి, ముందు ధర, తరువాత పరిమాణం, ఆ పిదప రెండు అక్షరాలు పెట్టి మళ్ళీ అడగండి. 14 బైట్ల సరుకు, చివర 2 ఖాళీ గడులు కలిపి జవాబు 16 అవుతుంది. పైథాన్‌లో సి-టైప్స్ ద్వారా అదే స్ట్రక్చరును పాత వరుసలోనే ఉంచి కొత్త లైబ్రరీకి అందించి, పరిమాణం గడిలో ఏ సంఖ్య వచ్చినదో చూడండి.